ఉచిత వైద్యశాలలో చిరు పరీక్షలు – ఫార్మసిస్టు పాత్ర

రోగి వచ్చిన చోటనే, వచ్చిన పూటనే, ఒక్క బొట్టు రక్తంతోనో కొద్దిపాటి మూత్రంతోనో చేసి, నిమిషాలలో ఫలితం చెప్పగలిగిన పరీక్షలను చిరు పరీక్షలు అనవచ్చును. వీటికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. అరచేతిలో ఇమిడే యంత్రమో, కాగితపు పట్టీ వంటి స్ట్రిప్పో చాలును. ఇటువంటి పరీక్షలను ఉచిత వైద్యశాలలలో ఫార్మసిస్టు చేతిమీదుగా నడిపించే పద్ధతి అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బాగా వేరూనినది. మన గ్రామాలలో ఒకప్పుడు కాంపౌండరు అని పిలిచిన వ్యక్తికి నేటి చదువుకున్న వారసుడే ఫార్మసిస్టు. మందు కట్టి ఇచ్చే ఈ మనిషి పరీక్ష కూడ ఎందుకు చేస్తున్నాడు, ఆ పరీక్షను ఎంతవరకు నమ్మవచ్చును, మన సరిహద్దు గ్రామాలలో అటువంటి సేవ ఎవరి వద్ద దొరుకుతుంది అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

పుట్టుక, చట్టం

అమెరికాలో వైద్యబీమా లేనివారికి వైద్యం మిక్కిలి ఖరీదైన వ్యవహారం. అటువంటి వారి కొరకు స్వచ్ఛంద వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు కలిసి నడిపే వైద్యశాలలను ఉచిత క్లినిక్కులు అంటారు. 1967లో శాన్ ఫ్రాన్సిస్కో నగరంలోని హైట్ ఆష్‌బరీ పేటలో వెలసిన ఉచిత క్లినిక్కు వీటిలో పేరెన్నిక గన్నది. ఆ తరువాతి దశాబ్దాలలో ఇటువంటివి దేశమంతటా వ్యాపించినవి.

ఆ దేశంలో ప్రయోగశాలలను నియంత్రించే చట్టానికి 1988లో ముఖ్యమైన సవరణలు జరిగినవి. ఆంగ్ల అక్షరాలతో దానిని 'క్లియా' అని పిలుస్తారు. ఈ చట్టం పరీక్షలను వాటి క్లిష్టతను బట్టి విభజించినది. చేయడం సులువై, పొరపాటు జరిగే అవకాశం తక్కువగా ఉన్న పరీక్షలను మినహాయింపు పొందిన పరీక్షలుగా వేరుచేసినది. ఇవి మాత్రమే చేసే చోటుకు పూర్తి ప్రయోగశాల నిబంధనలు వర్తించవు. మినహాయింపు పత్రం తీసుకుని, నిర్ణీత రుసుము చెల్లించి, కిట్టు తయారీదారు ఇచ్చిన సూచనలను తు.చ. తప్పక పాటించవలెను. ఈ వెసులుబాటుతోనే మందుల దుకాణాలకు, ఉచిత క్లినిక్కులకు పరీక్షల తలుపు తెరుచుకున్నది. ఫార్మసిస్టు ఏ మేరకు పరీక్ష చేయవచ్చును, ఫలితాన్ని బట్టి మందు మోతాదు మార్చవచ్చునా అనేది మాత్రం ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క విధంగా ఉన్నది. చాలచోట్ల వైద్యునితో ముందుగా వ్రాతపూర్వకమైన ఒప్పందం చేసుకుని, ఆ హద్దులలోనే ఫార్మసిస్టు పనిచేస్తాడు.

నార్త్ కరోలినా రాష్ట్రంలోని ఆష్‌విల్ నగరంలో 1996లో మొదలైన ప్రయత్నం ఈ మార్గంలో ఒక మైలురాయి. అది ఉచిత క్లినిక్కు కాదు; నగరపాలక సంస్థ తన ఉద్యోగుల కొరకు చేసిన ఏర్పాటు. మధుమేహం ఉన్న ఉద్యోగులను ఫార్మసిస్టులు క్రమం తప్పక కలిసి, మందుల వాడకాన్ని, చక్కెర అంకెలను గమనించి, సలహాలు చెప్పసాగినారు. ఆ అనుభవం ఇతర చోట్లకు మాదిరి అయినది. 2020లో కోవిడ్ వ్యాపించినపుడు ఆ పరీక్షలను స్వయంగా నిర్ణయించి చేసే అధికారాన్ని అక్కడి కేంద్ర ప్రభుత్వం ఫార్మసిస్టులకు ఇచ్చినది.

ఏయే పరీక్షలు

ఇటువంటి క్లినిక్కులలో సాధారణంగా చేసే పరీక్షలు కొన్నే. రక్తంలో చక్కెర, మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బిఎ1సి, కొలెస్టరాల్, హిమోగ్లోబిన్, మూత్రంలో చక్కెర, మాంసకృత్తులు, చీము కణాల ఆనవాళ్లు, గర్భనిర్ధారణ, హెచ్ఐవి తొలి పరీక్ష మొదలైనవి వీటిలో ముఖ్యమైనవి. చక్కెర ఫలితం కొన్ని సెకన్లలో వస్తుంది. హెచ్‌బిఎ1సి, కొలెస్టరాల్ యంత్రాలకు ఐదారు నిమిషాలు పడుతుంది.

మరొక పరీక్ష ఐఎన్ఆర్. గుండె కవాటం మార్చిన వారు, గుండె లయ తప్పిన వారు కొందరు రక్తం గడ్డకట్టకుండ వార్ఫరిన్, ఎసినోకూమరాల్ వంటి మాత్రలు వాడుతారు. ఈ మాత్ర కొంచెం తక్కువైతే గడ్డ, కొంచెం ఎక్కువైతే రక్తస్రావం. అందువలన ఐఎన్ఆర్ అంకెను గుండె లయ తప్పిన వారిలో సాధారణంగా 2 నుండి 3 మధ్య నిలుపుతారు. కొన్ని కృత్రిమ కవాటాలకు ఇంకా కొంత ఎక్కువ ఉండవలెను. ఆకుకూరలు ఒక వారం విరివిగా తిని మరు వారం పూర్తిగా మానివేసినా, కొత్తగా మరో మందు మొదలుపెట్టినా ఈ అంక మారిపోతుంది. మందుల సంగతి క్షుణ్ణంగా తెలిసిన ఫార్మసిస్టు ఈ పరీక్షలో మిక్కిలి ఉపయోగపడడానికి కారణం ఇదే.

వేలికొన పరీక్ష చేయు విధానం

పరీక్ష చిన్నదైనా పద్ధతి తప్పితే ఫలితం తప్పుతుంది. మొదట చేతులను సబ్బుతో కడిగి తుడుచుకోవలెను. మామిడిపండో బెల్లమో పట్టుకున్న చేతితో నేరుగా పరీక్షకు కూర్చుంటే, వేలికి అంటిన తీపి కూడ లెక్కకు ఎక్కుతుంది. స్పిరిటు రాస్తే అది పూర్తిగా ఆరేవరకు ఆగవలెను. వేలి మధ్యలో కంటె పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. సాధారణంగా మొదటి బొట్టును దూదితో తుడిచి రెండవ బొట్టును తీసుకుంటారు. రక్తం రాలేదని వేలిని గట్టిగా పిండితే కణజాలపు నీరు కలిసి రక్తం పలుచబడి అంకె తప్పుతుంది. చేతిని కిందికి వేలాడదీసి, గోరువెచ్చని నీటితో కడిగితే రక్తం తానే వస్తుంది.

సూది ఒకరికి ఒకసారి మాత్రమే. ఒకే సూదిని ఇద్దరికి వాడితే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవి సోకే ప్రమాదం ఉన్నది. కొత్త సూదిని తమ కళ్ల ఎదుట విప్పమని అడగడం రోగి హక్కు. అందులో మొగమాటం పనికిరాదు. మన దేశంలో 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన సూదులను గుచ్చుకుపోని తెల్లని డబ్బాలో, రక్తం అంటిన దూదిని పసుపు సంచిలో వేయవలెను.

స్ట్రిప్పులు వేడికి, చెమ్మకు త్వరగా చెడిపోతాయి. డబ్బా మూత తెరచి ఉంచినా, గడువు దాటినా, ఎండలో నిలిపిన బండిలో ఉంచినా వాటిని నమ్మరాదు. మంచి క్లినిక్కులో యంత్రాన్ని ముందే తెలిసిన అంకె గల ద్రావణంతో అప్పుడప్పుడు సరిచూసి, ఆ ఫలితాన్ని తేదీతో సహా ఒక పుస్తకంలో వ్రాసి ఉంచుతారు. పరీక్ష చేసే చోటు ఎటువంటిదో తెలుసుకోవడానికి ఆ పుస్తకం ఉన్నదా లేదా అని అడిగితే చాలును.

అంకెల అర్థం

పరగడుపు చక్కెర అంటే కనీసం 8 గంటలు ఏమీ తినకుండ చేసిన పరీక్ష. మంచినీరు త్రాగవచ్చును, పాలు, పంచదార వేసిన కాఫీ, టీ త్రాగితే అది పరగడుపు కాదు. ఈ పరీక్షలో డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే మధుమేహంగా అనుమానిస్తారు. హెచ్‌బిఎ1సి 6.5 శాతం, ఆపైన ఉన్నా అంతే. 5.7 నుండి 6.4 వరకు ఉంటే అది హెచ్చరిక దశ. ఎక్కువ దాహం, ఎక్కువ మూత్రం వంటి లక్షణాలు లేనప్పుడు ఒక్కసారి వచ్చిన అంకెతో మధుమేహం అని తేల్చరు. మరొక పరీక్షతో రూఢి చేసుకుంటారు.

దీనికి బలమైన కారణం ఉన్నది. ఇంటి గ్లూకోమీటరుకు అంతర్జాతీయ ప్రమాణం కొంత తేడాను అనుమతిస్తుంది. 100 పైన ఉన్న అంకెలలో 15 శాతం అటూ ఇటూ ఉన్నా ఆ యంత్రం సరైనదే. అనగా ప్రయోగశాలలో 126 వచ్చే రక్తం వేలికొన యంత్రంలో 107 చూపవచ్చును, 145 కూడ చూపవచ్చును. అందువలన వేలికొన పరీక్ష ఎవరిని పెద్ద పరీక్షకు పంపవలెనో చెప్పడానికి, ఇదివరకే జబ్బు తెలిసిన వారి చక్కెర ఎట్లు నడుస్తున్నదో చూడడానికి పనికివస్తుంది. జబ్బు ఉన్నదీ లేనిదీ తేల్చే తీర్పు మాత్రం సిర నుండి తీసిన రక్తానిదే.

చక్కెర 70 కంటె తగ్గితే అది వెంటనే చూడవలసిన విషయం. తెలివిలో ఉన్న రోగికి మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించవలెను. స్పృహ లేని వారి నోట ఏమీ పోయరాదు, ఆసుపత్రికి తీసుకుపోవలెను. చక్కెర 300 దాటి వాంతులు, ఆయాసం, మగత ఉన్నా ఆసుపత్రియే శరణ్యం.

హిమోగ్లోబిన్ విషయంలో గర్భం లేని స్త్రీకి 12, గర్భిణికి 11, పురుషునికి 13 గ్రాముల కంటె తక్కువైతే రక్తహీనతగా లెక్కిస్తారు. గర్భిణికి 7 కంటె తగ్గితే అది తీవ్రం. మాత్రలతో కాలయాపన చేయక పెద్దాసుపత్రికి పంపవలెను.

నమ్మకూడని సందర్భాలు

హెచ్‌బిఎ1సి ఎర్రకణాల మీద ఆధారపడిన పరీక్ష. ఇనుము లోపం వలన రక్తహీనత ఉంటే ఈ అంకె ఉన్నదానికంటె ఎక్కువగా కనిపించవచ్చును. రక్తం ఎక్కువగా పోయిన తరువాత, ఎర్రకణాలు త్వరగా నశించే జబ్బులలో తక్కువగా కనిపిస్తుంది. కొడవలి కణ వ్యాధి ఉన్నవారిలో ఈ పరీక్ష దారి తప్పిస్తుంది. దక్షిణ ఒడిశాలోని కోరాపుట్, మల్కన్‌గిరి ప్రాంతాలలోను, మహారాష్ట్రలోని గడ్చిరోలి, చంద్రపూర్ ప్రాంతాలలోను ఈ వ్యాధి గిరిజన కుటుంబాలలో కనిపిస్తుంది గనుక అక్కడి పాఠకులు ఈ మాటను గుర్తుంచుకొనవలెను. 2023 జూలైలో ప్రారంభమైన జాతీయ కొడవలి కణ రక్తహీనత నిర్మూలన కార్యక్రమం కింద దీని పరీక్ష ఉచితంగా చేస్తున్నారు.

మూత్రపిండాల పనిని తెలిపే క్రియాటినిన్ పరీక్ష మామూలు గ్లూకోమీటరులో రాదు. చక్కెర అంకె బాగున్నదని చెప్పి మూత్రపిండాలు బాగున్నవనుకోవడం తప్పు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కారణం తేలని మూత్రపిండాల జబ్బు ఎన్నో ఇళ్లను కుంగదీసినది. 2023 డిసెంబరులో పలాసలో దీని కొరకు ప్రత్యేక ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైనవి. ఒడిశా సరిహద్దులో బంధుత్వాలు, రాకపోకలు గల కుటుంబాలు ఏడాదికి ఒకసారియైనా క్రియాటినిన్ చూపించుకోవడం మేలు.

ఫార్మసిస్టే ఎందుకు

పరీక్ష చేయడం ఒక యెత్తు, దాని వెంట జరగవలసిన పని మరొక యెత్తు. అంకె ఎక్కువ వచ్చినపుడు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న 'మందు సరిగా వేసుకుంటున్నారా' అనేదే. మాత్ర అయిపోయి పది రోజులైనదా, రెండు పూటలది ఒక పూటకు కుదించినారా, కీళ్ల నొప్పికి సంతలో కొన్న మాత్ర వాడుతున్నారా, ఇద్దరు వైద్యులు ఒకే మందును రెండు పేర్లతో వ్రాసినారా అనేవి మందుల చీటీ చదవగల వానికే త్వరగా తడుతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు నెలల తరబడి వాడితే మూత్రపిండాలకు చేటు, రక్తపోటు పెరుగుదల. ఇది తెలియక రక్తపోటు మాత్ర మోతాదు పెంచితే మూలం అట్లే ఉంటుంది.

ఉచిత క్లినిక్కుకు వచ్చేవాడు ఒక పూట కూలి వదులుకుని వస్తాడు. రక్తం ఇచ్చి వెళ్లి, వారం తరువాత రిపోర్టు కొరకు మళ్ళీ రమ్మంటే చాలమంది రారు. పరీక్ష, మాట, మందు ఒకే చోట, ఒకే పూట జరిగితే ఆ లంకె తెగదు. ఈ పద్ధతి సారమంతా ఇందులోనే ఉన్నది. ఫార్మసిస్టు వ్యాధి నిర్ణయం చేసే వైద్యుడు కాడు. అసాధారణ ఫలితం వస్తే వైద్యునికి చేరవేయడం, రోగి అక్కడికి చేరినాడా అని విచారించడం అతని కర్తవ్యం.

మన దేశంలో స్థితి

భారతదేశంలో ఫార్మసిస్టు రిజిస్ట్రేషను వేరు, ప్రయోగశాల నడిపే అర్హత వేరు. 1948 నాటి ఫార్మసీ చట్టం, 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు ఫార్మసిస్టుకు మందు ఇవ్వడం, వాడే తీరు వివరించి చెప్పడం అనే బాధ్యతలను అప్పగించినవి. రోగనిర్ధారణ అతని పని కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష ల్యాబ్ టెక్నీషియన్ చేస్తాడు. ఉపకేంద్రంలో సామాజిక ఆరోగ్య అధికారి, నర్సు చేస్తారు. మలేరియా కిట్టును ఊరిలోని ఆశా కార్యకర్తే వాడుతుంది. మందుల దుకాణంలో చక్కెర చూపించుకోవడం మనకు అలవాటే గాని, దానిని తొలి చూపుగానే భావించవలెను.

జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఉచిత రోగనిర్ధారణ సేవలు 2015లో ప్రారంభమైనవి. 2018లో ఆరోగ్య, వెల్‌నెస్ కేంద్రాలుగా మొదలై 2023లో ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలుగా పేరు మారిన కేంద్రాలలో, ఉపకేంద్రం స్థాయిలో 14, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో 63 రకాల పరీక్షలు ఉండవలెనని నిర్దేశించినారు. 30 ఏళ్లు నిండిన వారందరికి రక్తపోటు, చక్కెర తొలి పరీక్షలు అక్కడ ఉచితం. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైబడినారని అంచనా వేసినది. ఈ పరీక్షల అవసరం ఎంతటిదో దీనివలన తెలుస్తుంది.

రాష్ట్రాలు తమ తమ ఏర్పాట్లు చేసుకున్నవి. తమిళనాడులో ఇంటి ముంగిటికే వచ్చి రక్తపోటు, చక్కెర చూసి మాత్రలు ఇచ్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకం 2021 ఆగస్టు 5న తెలుగువారు అధికంగా గల కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే ప్రారంభమైనది. కర్ణాటకలో 2022 డిసెంబరులో 'నమ్మ క్లినిక్'లు పట్టణాలలో మొదలైనవి. మహారాష్ట్రలో 'మహాల్యాబ్', ఒడిశాలో 'నిదాన్' పేర్లతో ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచిత పరీక్షలు జరుగుతున్నవి. తెలంగాణలో 2018లో ఆరంభమైన డయాగ్నస్టిక్స్ పథకంలో కింది కేంద్రాలలో రక్తం తీసి పెద్ద ప్రయోగశాలకు పంపి, ఫలితాన్ని ఫోనుకు చేరవేస్తారు. యానాం వారికి స్థానిక ప్రభుత్వ ఆసుపత్రితో పాటు కాకినాడ పెద్దాసుపత్రి అందుబాటులో ఉన్నది.

సరిహద్దు కుటుంబాలకు

ఇంట తెలుగు, ఆసుపత్రిలో మరొక భాష అనే స్థితిలో ఉన్న వారికి చిక్కు రిపోర్టులో కంటె నోటిమాటలో ఎక్కువ. రిపోర్టు సాధారణంగా ఆంగ్లంలో ఉంటుంది. పరగడుపున రమ్మన్నారా, తిని రమ్మన్నారా అనేది మాత్రం స్థానిక భాషలో చెబుతారు. అది తారుమారైతే పరీక్షయే వృథా. పెద్దవారు ఈ క్రింది మాటలను గుర్తుంచుకుంటే మేలు.

పరగడుపున: కన్నడంలో 'ఖాలి హొట్టె', తమిళంలో 'వెరుం వయిరు', మరాఠీలో 'ఉపాశీ పోటీ', ఒడియాలో 'ఖాలి పేట'.

భోజనం తరువాత: కన్నడంలో 'ఊటద నంతర', తమిళంలో 'సాప్పిట్ట పిరగు', మరాఠీలో 'జేవణానంతర', ఒడియాలో 'ఖాఇబా పరె'.

మూత్రం: కన్నడంలో 'మూత్ర', తమిళంలో 'సిరునీర్', మరాఠీలో 'లఘవీ', ఒడియాలో 'పరిస్రా'.

మన 'పొట్ట'యే కన్నడంలో 'హొట్టె' అని, మన పొలంలోని 'ఊట' వేరు, కన్నడిగుల భోజనపు 'ఊట' వేరు అని పిల్లలకు చెప్పి ఉంచితే తాతను, అవ్వను వెంటబెట్టుకుని వెళ్ళేటప్పుడు వారే దుబాసీలౌతారు. భోజనం తరువాతి పరీక్షకు ముద్ద మొదలుపెట్టిన వేళ నుండి రెండు గంటలు లెక్కించవలెను.

రెండవ చిక్కు కాగితాలది. పెళ్ళిళ్ళకు, కూలి పనులకు సరిహద్దు దాటి వెళ్ళే కుటుంబంలో ఒక రిపోర్టు ఇక్కడ, ఒక చీటీ అక్కడ ఉండిపోతుంది. కొత్త చోట అంతా మొదటి నుండి చేయవలసి వస్తుంది. ఒక నోటుపుస్తకంలో తేదీ, పరీక్ష పేరు, అంకె, పరగడుపా భోజనానంతరమా, అప్పుడు వాడుతున్న మందులు అనే ఐదు వివరాలు వ్రాసి, దానిని సంచిలో పెట్టుకుని వెళ్ళవలెను. 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య తీసుకున్నవారి రికార్డులను, ఆ ఏర్పాటుకు అనుసంధానమైన ఆసుపత్రులలో, వారి సమ్మతితో ఏ రాష్ట్రంలోనైనా చూడవచ్చును. ఫోను నంబరు ఇచ్చేటప్పుడు ఇంట ఎప్పుడూ ఉండేవారిది ఇవ్వవలెను. దూరపు బంధువు నంబరు ఇస్తే ఫలితం అక్కడే ఆగిపోతుంది.

మూడవది హక్కుల సంగతి. క్షయ, మలేరియా, హెచ్ఐవి పరీక్షలు జాతీయ కార్యక్రమాల కింద దేశమంతటా ఉచితం. క్షయ చికిత్సను ఒక జిల్లా నుండి మరొక జిల్లాకు, రాష్ట్రానికి బదిలీ చేయించుకోవచ్చును; మధ్యలో మానరాదు. చికిత్స కాలంలో పోషకాహారానికి ఇచ్చే మొత్తాన్ని 2024 నవంబరు నుండి నెలకు 1000 రూపాయలకు పెంచినారు. హెచ్ఐవి పరీక్ష రోగి సమ్మతి లేనిదే చేయరాదని, ఫలితం గోప్యంగా ఉంచవలెనని 2017 నాటి చట్టం చెబుతున్నది. తొలి కిట్టులో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అది తుది మాట కాదు. వేరు వేరు పద్ధతుల పరీక్షలతో నిర్ధారించిన తరువాతనే చెబుతారు.

పరీక్ష అయిన పిమ్మట అడగవలసినవి

పరీక్ష చేసినవారు ఫార్మసిస్టు గాని, నర్సు గాని, టెక్నీషియన్ గాని, లేచి వచ్చేముందు నాలుగు ప్రశ్నలు అడగవలెను. అంకె ఎంత? అది ఉండవలసినది ఎంత? ఇప్పుడు మందులో మార్పు కావాలా, దానికి ఎవరిని కలవాలి? మళ్ళీ పరీక్ష ఎప్పుడు? వీటికి సమాధానాలు కాగితం మీద వ్రాయించుకొనవలెను. మధుమేహం అదుపులో ఉన్నవారికి హెచ్‌బిఎ1సి ఏడాదికి కనీసం రెండుసార్లు, మందు మార్చినవారికి మూడు నెలలకు ఒకసారి చేయించడం పద్ధతి.

రక్తం ఇచ్చినంత మాత్రాన రోగం తగ్గదు. అంకె తెలిసిన నాడు మాత్ర మారినదా, వైద్యుని కలిసినారా, కాగితం ఇంటికి చేరినదా అన్నదే లెక్క.